ఏమీ చెయ్యని చేతులు

మా పత్రికలో అచ్చయిన ప్రతి వ్యాసాన్నీ మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదివినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. రాసినవాళ్ళు కూడా చదవలేదు. గొప్పకి చెప్పుకోవడం కాదు, ఇరవై ఆరేళ్ళు అదే నా ఉద్యోగం. డాక్టర్లు పంపిన రాతప్రతుల్లో కామాలు పెట్టడం, ఒకే సంగతి మూడుసార్లు చెబితే రెండుసార్లు కొట్టేయడం, వాక్యం మొదలుపెట్టి ముగించడం మర్చిపోయిన చోట నేనే ముగించి పెట్టడం. నా పేరు ఆర్లో పెట్టీ. ఆ పేరు పత్రికలో ఎక్కడా కనపడదు.

మిస్సోరీ ఉత్తరాన మా బ్రాంటన్‌లో ఉన్నవి రెండే. ఒకటి పాడి, రెండోది ఆస్టియోపతి కాలేజీ. మందులతో పాటు చేతులతో కూడా వెన్నునీ కీళ్ళనీ సర్ది నయం చేసే డాక్టర్లని తయారుచేసే కాలేజీ అది. మా డాక్టర్లలో మంచివాళ్ళు లేకపోలేదు. మా అమ్మ మెడ పట్టేస్తే నాలుగు నిమిషాల్లో సర్ది పంపిన ముసలి డాక్టరు నాకు తెలుసు, ఆయన జన్మలో ఒక్క వ్యాసం రాయలేదు. రాసేవాళ్ళు వేరే. మిగతా డాక్టర్లు తమని తక్కువగా చూస్తారన్న కుళ్ళు వీళ్ళని లోపల్నుంచి తినేస్తూ ఉంటుంది. ఆ కుళ్ళు తీర్చుకోవడానికే మా పత్రిక పుట్టింది, ఏడాదికి నాలుగు సంచికలు.

ఒకాయనకి తుమ్మితే నడుం పట్టింది, మేం నొక్కాం, లేచి వెళ్ళాడు. ఇదీ వ్యాసం. దీనికి ఐదుగురు రచయితలు. నొక్కినవాడు ఒకడు, పక్కన నిలబడి చూసినవాడు ఒకడు, వరండాలో ఎదురుపడి ఏమైందని అడిగినవాడు ఒకడు, ఆ విభాగానికి పెద్ద, ఆ పెద్దకి అల్లుడు. నేను అతిశయోక్తి చెబుతున్నానని మీరు అనుకుంటే 1991 శీతాకాలం సంచిక చూడండి, చూసే ఓపిక మీకుంటే.

లోరీన్ స్టఫుల్‌బీన్ గురించి చెప్పాలని కూర్చుని వీళ్ళ గొడవలో పడ్డాను. లోరీన్, నేనూ ఒకే బడిలో చదువుకున్నాం. పద్దెనిమిదో ఏట డెల్బర్ట్‌ని చేసుకుని వాళ్ళ పాడిలోకి వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవుల మధ్యే బతికింది. డెల్బర్ట్ పోయాక ఆవుల్ని అమ్మేసి కాలేజీలో వరండాలు తుడిచే పనికి కుదిరింది. దాంతోపాటు నెలకి రెండు పొద్దుటిపూటలు ఇంకో పని చేసేది. జిల్లా పాడి సంఘం తరఫున కొట్టాలకి వెళ్ళి ఏ ఆవు ఎన్ని పౌన్ల పాలిచ్చిందో తూచి రాసేది. ఆ రాతని బట్టే ఆవుకి విలువ, దాని దూడకి విలువ. రైతు తూస్తే ఎవరూ నమ్మరు కాబట్టి మూడో మనిషి తూచాలి. లోరీన్ తూచిందంటే మళ్ళీ తూచిన మొనగాడు మా జిల్లాలో లేడు. ఆమె ఆస్తి అంటూ మిగిలింది అదొక్కటే.

ఇక డాక్టర్ వెండెల్ క్రాఫ్. నలభై ఆరేళ్ళవాడు, నున్నగా దువ్విన జుట్టు, అద్దం లేని చోట కూడా అద్దంలో చూసుకుంటున్నట్టు నిలబడతాడు. పూర్తి ప్రొఫెసర్ కావాలని ఆరేళ్ళుగా వేళ్ళాడుతున్నాడు. నొక్కాం, లేచి వెళ్ళాడు లాంటివి పదకొండు రాశాడు గానీ, ఇక అవి చాలవనీ, అసలు సిసలు పరీక్ష ఒకటి చేసి చూపించమనీ పైవాళ్ళు చెప్పారు. దాంతో నడుం నొప్పి ఉన్న డెబ్భై ఆరుగురిని పోగుచేశాడు. సగం మందికి తనూ తన శిష్యులూ నిజమైన వైద్యం చేస్తారు. మిగతా సగానికి ఉత్తుత్తి వైద్యం. అంటే ఎవరో ఒకరు చేతులు పెట్టి ఊరుకుంటారు. ఎవరికి ఏది దక్కిందో రోగులకి చెప్పరు. నిజమైన జట్టు ఎక్కువ బాగుపడితే క్రాఫ్ గెలిచినట్టు.

ఉత్తుత్తి జట్టుకి వైద్యం వాసన కూడా తగలని మనిషి కావాలి. అప్పుడే వరండాలో తడిగుడ్డ పెడుతున్న లోరీన్ ఆయన కంటపడింది.

"మిసెస్ స్టఫుల్‌బీన్, మీ చేత్తో ఎప్పుడైనా ఎవరి నొప్పయినా తగ్గించారా?" అని ఫారం చూసుకుంటూ అడిగాడు.

"ఓసారి మా ఆయన అరికాల్లో మేకు తీశానండీ."

"అది లెక్కలోకి రాదు. మసాజ్ నేర్చుకున్నారా? నర్సు పని?"

"లేదండీ."

అంతే, కుదిరిపోయింది. ఆవుల సంగతి అడగలేదు. ఫారంలో ఆవులకి గడి లేదు మరి.

ఆమెకి శిక్షణ ఇచ్చారు. ఏమీ చెయ్యకుండా ఉండటానికి రెండు రోజుల శిక్షణ, మీరు నమ్మినా నమ్మకపోయినా. చేతులు నడుం మీద ఇక్కడ పెట్టాలి, నొక్కకూడదు, కదపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం మనసు పెట్టకూడదు. మనసు వేళ్ళలోకి వెళితే వైద్యం దానంతటదే కారిపోతుందని మావాళ్ళ భయం.

"మనసు పెట్టకుండా ఎలాగండీ?" అని అడిగిందట లోరీన్.

"వెయ్యిలోంచి ఏడు తీసెయ్యండి. మిగిలినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా తీస్తూ పోండి. రెండు నిమిషాలకి గంట మోగుతుంది, చేతులు తియ్యండి."

ఆరు వారాలు చేసింది. ముప్పై ఎనిమిది మంది, ఒక్కొక్కరికి ఆరుసార్లు. పాలు తూచే అలవాటు కొద్దీ గంట మోగేసరికి ఎంత మిగిలిందో ప్రతిసారీ జేబులో చిన్న పుస్తకంలో రాసుకుంది. ఏడు వందల తొంభై. ఏడు వందల ఎనభై మూడు. ఏడు వందల తొంభై ఏడు. రాయమని ఎవరూ చెప్పలేదు, రాస్తోందని ఎవరికీ తెలియదు.

లెక్కలు తేలిన రోజు క్రాఫ్ నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది మొహం.

"రెండు జట్లకీ ఒకేలా తగ్గింది ఆర్లో. ఆవిడ జట్టుకి ఓ పిసరు ఎక్కువే తగ్గింది."

"మంచిదే కదా డాక్టర్ గారూ. డెబ్భై ఆరుగురికీ తగ్గిందన్నమాట."

"నీకర్థం కాదు," అన్నాడు.

అర్థం కాకేం, బాగానే అయింది. పాతికేళ్ళు చదివి, అస్థిపంజరాలని ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నది, తడిగుడ్డ పెట్టే మనిషి ఏడేడు తీసేస్తూ చేసినదానికి సమానమని తేలింది. బుద్ధి ఉన్నవాడైతే అదే రాసి దండం పెట్టి ఊరుకునేవాడు. అలా రాస్తే నేను ఆయన బూట్లు తుడిచిపెట్టేవాణ్ణి.

మూడు వారాలకి వ్యాసం వచ్చింది. ఈలోగా ఎవరో లోరీన్ పాడి సంగతి చెవిన వేసినట్టున్నారు. ఒక పేజీ కింద చిన్నక్షరాల్లో ఇలా ఉంది: ఉత్తుత్తి వైద్యం చేసిన వ్యక్తికి పశువులతో ముప్పై ఒక్క ఏళ్ళ చేతిపని అనుభవం ఉన్నట్టు తర్వాత తెలియవచ్చినది. ఇచ్చిన సూచనలకు విరుద్ధంగా ఆమె చేతులు రోగులకు వైద్యం అందించి ఉండవచ్చును. కాబట్టి రెండు జట్లూ వైద్యం పొందినట్టే, రెండూ బాగుపడినట్టే, ఆస్టియోపతి ఒకసారి కాదు రెండుసార్లు గెలిచినట్టే. ఓడిపోయిన మనిషి ఓటమిని ఆవు పొదుగు కింద దాచేశాడు. ఆ తెలివికి ముక్కు మీద వేలేసుకున్నాను. వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరు నిపుణులూ 'ఆసక్తికరం' అని రాసి పంపారు.

చివర్లో కృతజ్ఞతలు. 'మిసెస్ లోరీన్ స్టఫుల్‌బీన్ అందించిన సహకారానికి ధన్యవాదాలు.' ఇక్కడే ఆయన పప్పులో కాలేశాడు. పత్రికల్లో ఒక నియమం ఉంది. ఎవరికైనా పేరు పెట్టి కృతజ్ఞతలు చెబితే, వ్యాసం చదివాను, నా పేరు వేసుకోండి అని ఆ మనిషి సంతకం చేసి ఇవ్వాలి. ఇరవై ఆరేళ్ళలో వందల సంతకాలు చూశాను. వ్యాసం చదివి చేసినవాడు ఒక్కడూ లేడు.

"నీ క్లాస్‌మేటే కదా, నువ్వే పట్టుకెళ్ళు. గీకేస్తుంది," అన్నాడు క్రాఫ్.

పట్టుకెళ్ళాను. లోరీన్ కాగితం చదివింది. "చదివాను అని సంతకం పెట్టాలా? అయితే చదవాలిగా," అంది. మూడు రోజులు ఉంచుకుంది. స్కేలు పెట్టుకుని ఒక్కో లైనూ చదివిందట, తెలియని మాటలకి బడి లైబ్రరీకి వెళ్ళి నిఘంటువు చూసిందట. నాలుగో రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోసింది.

"రెండో పట్టికలో ముప్పై ఎనిమిదీ ముప్పై ఏడూ కలిపి డెబ్భై ఆరు అని వేశారు ఆర్లో."

చూశాను. నిజమే. ఇద్దరు నిపుణులు చూడలేదు, నేనూ చూడలేదు.

"అది సరే. ఇదేమిటి?" అని చిన్నక్షరాల మీద వేలు పెట్టింది. "చెప్పినదానికి విరుద్ధంగా చేశానా నేను?"

"అది వాళ్ళ భాష లోరీన్. ఎవరూ పట్టించుకోరు."

"నాకు వాళ్ళ భాష రాదు. ఈ మాట మాత్రం మన భాషే. చెప్పిన పని చెయ్యలేదని రాశాడు."

సంతకం పెట్టలేదు. నేను ఖాళీ కాగితంతో వెనక్కి వచ్చి చెబితే క్రాఫ్ ఒంటికాలి మీద లేచాడు. సరే నేనే మాట్లాడతాను అని బయల్దేరాడు. వరండాలో బకెట్టు పక్కన దొరికింది ఆమె. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను, సిగ్గు లేకుండా.

"మిసెస్ స్టఫుల్‌బీన్, నిజానికి ఇది మిమ్మల్ని పొగడటమే. మీ చేతుల్లో సహజంగా వైద్యం ఉందంటున్నాం."

"నా చేతుల్లో ఏముందో నాకు తెలీదు డాక్టర్ గారూ. మీరు చెప్పినట్టు చెయ్యలేదని రాశారు. చేశాను."

"కావాలని చేశారని అనలేదే. మీకు తెలీకుండానే..."

"తెలీకుండా ఎలా చేస్తానండీ, ఏడు తీస్తూ ఉంటే?" జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చింది.

క్రాఫ్ నాలుగు పేజీలు తిప్పాడు. "ఇది ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"అయితే ఇది సమాచారం కిందకి రాదు."

"పోనీ ఆ మాట తీసెయ్యండి."

"అది తీసేస్తే వ్యాసం నిలబడదండీ."

"అయితే పడిపోనివ్వండి. కాస్త కాలు తియ్యండి, అక్కడ తడి."

కాలు తీశాడు. గదిలోకి వచ్చి కృతజ్ఞతల్లో ఆమె పేరు కొట్టేశాడు. పేరు లేకపోతే సంతకం అక్కర్లేదు కదా. చిన్నక్షరాలు అలాగే ఉంచాడు. ఇక నా ఘనకార్యం చెబుతాను. ఆ వాక్యంలో ఒక కామా తప్పు చోట ఉంది. సరిచేశాను. పట్టికలో ముప్పై ఏడుని కూడా ముప్పై ఎనిమిది చేశాను. ప్రెస్సుకి పంపాను. ఆ వ్యాసంలో చెయ్యి ఉన్న వెధవల జాబితా ఎవరైనా వేస్తే రెండో పేరు నాది.

ఎవరూ చదవరని ధీమాగా ఉన్న పెద్దమనిషి ఆ తర్వాత చేసిన పని చూడండి. వసంతం సంచిక రాగానే, మీ సహకారానికి కానుక అంటూ డెబ్భై ఆరుగురికీ వ్యాసం ప్రతి ఒక్కటి పోస్టులో పంపాడు. ఎవరు ఏ జట్టులో ఉన్నారో కూడా రాసి పంపాడు. డాక్టర్లు చదవరు గానీ, తన నడుం గురించి అచ్చులో వస్తే రైతు చదవడా? వసంతపు వానలు, పొలాలు తడి, పని లేదు. చిన్నక్షరాలతో సహా చదివారు.

వర్జిల్ కెచమ్ అందరికన్నా ముందు చదివాడు. నూట పది ఆవులున్న రైతు, పెద్ద గొంతు. ఆ పరీక్ష జరుగుతున్న రోజుల్లోనే అతని భార్య రూబీ పోయింది. పాతిపెట్టిన మర్నాడు తెల్లవారుజామున ఎప్పట్లాగే పాలు పితికాడు. అతని కంట తడి చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ సంగతి అతను గర్వంగానే మోసుకు తిరిగేవాడు.

నోర్మా హోటల్లో పొద్దున్న మెత్తటి బన్నుల్లాంటి బిస్కెట్లూ గ్రేవీ తినే వేళకి లోరీన్ వచ్చింది. వర్జిల్ కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఏవమ్మా లోరీన్, నన్ను ఎన్ని పౌన్లు పితికావేంటి?"

హోటలంతా నవ్వింది. లోరీన్ కూడా కాస్త నవ్వింది.

"ముట్టుకుని ఊరుకోమంటే వైద్యం చేసేసిందట రోయ్," అన్నాడు హెరాల్డ్ అనే ఇంకో రైతు. "డాక్టరే రాశాడు, అచ్చులో ఉంది."

"నేనేం చెయ్యలేదు హెరాల్డ్. చెప్పిందే చేశాను."

"మరి అచ్చులో ఎందుకుంటుంది?"

అచ్చులోకి ఏదెలా వస్తుందో తెలిసిన నేను ఆ పక్క బల్ల దగ్గరే కూర్చుని ప్లేటులోకి చూస్తున్నాను.

నవ్వుతో పోతే బాగుండేది. వర్జిల్ మెదడులో పురుగు తొలిచింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యని మనిషి అక్కడ అలా చేస్తే మన కొట్టంలో ఏం రాసిందో ఎవరికి తెలుసు అన్నాడు. జూన్‌లో పాడి సంఘానికి ఫోన్ చేసి తన కొట్టానికి వేరే మనిషిని పంపమన్నాడు. జూలైలో ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఇన్నేళ్ళ పేరు, చిన్నక్షరాల్లో రెండు లైన్లకి పోయింది. లోరీన్ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒక కాగితం రాసి నా బల్ల మీద పెట్టింది.

"ఉత్తరాల పేజీ ఉందిగా మీకు. వెయ్యి."

"వెయ్యాలంటే ఫారం నింపాలి లోరీన్. పేరు, డిగ్రీ, పనిచేసే సంస్థ."

"డిగ్రీ లేదు."

"ఆ గడి ఖాళీగా ఉండకూడదని కింద ఉంది."

పెన్ను తీసుకుని రాసింది: పాడి, ముప్పై ఒక్క ఏళ్ళు.

మా సంపాదకుడు డాక్టర్ హాలిస్ బర్డెట్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. సంచికలో తన సంపాదకీయం తప్ప వేరేది చదివిన పాపాన పోడు. ఆయన ఉత్తరాన్ని కొసతో పట్టుకుని చూసి వెనక్కి ఇచ్చేశాడు.

"డిగ్రీ లేనివాళ్ళవి వేసుకుంటూ పోతే రేపు రోగులు కూడా రాస్తారయ్యా," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకుని ఆ కాగితం సొరుగులో పెట్టాను. ఆగస్టు చివర్లో ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. ఆఖరి పేజీలో ఎప్పుడూ వచ్చే పరుపుల ప్రకటన ఈసారి రాలేదట, అరపేజీ ఖాళీ, ఏదైనా పంపు, లేకపోతే తెల్లగా వెళుతుంది అన్నారు. సొరుగు తీశాను. ప్రూఫులు బర్డెట్ ముందు పెడితే తన సంపాదకీయంలో ఒక మాట మార్చి, మిగతావాటి కింద సంతకాలు గీకుతూ పోయాడు. నేను ఒక్క కామా కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం లేని రాత ఆ పత్రికలో అదొక్కటే వచ్చింది.

అక్టోబరులో శరత్కాలం సంచిక వచ్చింది. పరుపులుండాల్సిన చోట ఇది ఉంది:

'సంపాదకులు గారికి. వసంతం సంచిక నలభై ఒకటో పేజీ కింద చిన్నక్షరాల్లో ఉన్నది నా గురించి. నన్ను చేతులు పెట్టి ఏమీ చెయ్యొద్దన్నారు. మనసు మళ్ళడానికి వెయ్యిలోంచి ఏడేడు తీసెయ్యమన్నారు. ముప్పై ఎనిమిది మందికి ఆరేసిసార్లు అలాగే చేశాను. గంట మోగేసరికి ఎంత మిగిలిందో ప్రతిసారీ రాసుకున్నాను. పుస్తకం నా దగ్గరుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. రెండుసార్లు లెక్క తప్పాను. ఒకసారి సుడిగాలి హెచ్చరిక సైరన్ మోగింది. ఒకసారి బల్ల మీద ఉన్న మనిషి ఏడ్చాడు. ఆ రెండూ నా తప్పులు. మిగతా అన్నిసార్లూ చెప్పింది చెప్పినట్టు చేశాను. వాళ్ళ నొప్పులు ఎందుకు తగ్గాయో నాకు తెలీదు. డాక్టర్ గారికీ తెలీదు. లోరీన్ స్టఫుల్‌బీన్, పాడి, ముప్పై ఒక్క ఏళ్ళు.'

క్రాఫ్ సంగతి ముందే చెప్పేస్తాను, మళ్ళీ ఆ మనిషి జోలికి వెళ్ళడం ఇష్టం లేదు. సంచిక పట్టుకుని ఊగిపోతూ నా గదిలోకి వచ్చాడు. నన్ను ఉద్యోగంలోంచి పీకిస్తానన్నాడు. సగం తిట్టాక హఠాత్తుగా ఆగాడు.

"ఉత్తరం వస్తే రచయిత జవాబు రాయడం ఆనవాయితీ కదా ఆర్లో?"

"ఆనవాయితీయే డాక్టర్ గారూ."

"ఆ జవాబు కూడా ప్రచురణ కిందే లెక్క కదా?"

కోపం ఎటు పోయిందో తెలియదు. శీతాకాలం సంచికకి మూడు పేజీల జవాబు రాశాడు. నలభై నాలుగు ఆధారాలు, అందులో తొమ్మిది తన వ్యాసాలే. వసంతానికల్లా పూర్తి ప్రొఫెసర్ అయ్యాడు. ఎలాగయ్యా అంటే, పరీక్ష వ్యాసం ఒకటి, జవాబు ఒకటి, పైగా ఆ వ్యాసాన్ని వేరొకరు ప్రస్తావించినట్టు ఒక ఋజువు. ఆ ప్రస్తావన లోరీన్ ఉత్తరమే, మరొకటి ఇప్పటికీ లేదు. నా ఉద్యోగం నాకే ఉంచి క్రిస్మస్‌కి ఎండుపళ్ళ కేకు పంపాడు. మా కుక్క కూడా ముట్టలేదు.

ఇక అక్టోబరు. సంచిక వచ్చిన శనివారం పొద్దున్న ఒక ప్రతి పట్టుకుని నోర్మా హోటల్‌కి వెళ్ళి నోర్మా చేతికే ఇచ్చాను. అంతకన్నా ధైర్యం నాకు లేదు. నోర్మా నిలబడే చదివి, ఆఖరి పేజీ చింపి, ఆ రోజు పళ్ళు కూరి కాల్చిన పైలు ఏవేవి ఉన్నాయో రాసిన బోర్డు పక్కన పిన్ను గుచ్చింది. కాఫీకి లేచినవాడల్లా అక్కడ ఆగి చదివాడు. వర్జిల్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు. వచ్చి తన కుర్చీలో కూర్చుని చల్లారిపోయిన గుడ్లని ఫోర్కుతో అటూ ఇటూ తోస్తూ ఉండిపోయాడు.

"ఏడ్చిందెవర్రా?" అన్నాడు హెరాల్డ్, అందరికీ వినపడేలా. "నడుం మీద చెయ్యేస్తే ఏడ్చేంత సుకుమారం మనలో ఎవరబ్బా?"

"నువ్వేనేమో, నువ్వూ ఆ జట్టే కదా," అంది నోర్మా.

"నేనా? మా నాన్న పోయినప్పుడే ఏడవలేదు."

అదే సమయానికి లోరీన్ తలుపు తోసుకుని వచ్చింది. పేజీ గోడ మీద ఉందని ఆమెకి తెలియదు. అందరూ తనవైపు చూస్తుంటే ఏదో ఎగతాళికి సిద్ధపడినట్టు కోటు బొత్తాం పట్టుకుని నిలబడింది.

"లోరీన్, ఆ ఏడ్చినవాడెవరో చెప్పు, కాఫీ నేనిప్పిస్తాను," అన్నాడు హెరాల్డ్.

"పేర్లు నా పుస్తకంలో లేవు."

"పుస్తకంలో లేకపోతే బుర్రలో ఉంటుందిగా."

"బుర్రలో ఏడు తీస్తున్నానని చెప్పానుగా హెరాల్డ్," అని లోరీన్ నోర్మా వైపు తిరిగి, కాఫీ ఒకటి పొయ్యమంది.

ఆమె చెప్పదని నాకు తెలుసు. చెబితే ఇన్ని నెలల అవమానం ఒక్క మాటతో తీరిపోతుంది. చెప్పలేదు. హెరాల్డ్ ఇంకేదో అనబోతుంటే వర్జిల్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. తల మీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎప్పుడూ ఎండ తగలని అతని నెత్తి తెల్లగా ఉండటం నేను అప్పుడే చూశాను.

"నేనే," అన్నాడు.

హెరాల్డ్ నవ్వు సగంలో ఆగింది.

"రూబీని పాతిపెట్టిన నాలుగో రోజు. నడుం నొప్పని వెళ్ళాను. ఎందుకొచ్చిందో తెలీదు, వచ్చింది." వర్జిల్ గొంతు ఎప్పటిలా పెద్దగా లేదు గానీ హోటలంతా వినపడింది. "ఈవిడ లెక్క తప్పింది నా మూలంగా. అది కూడా తన తప్పే అని రాసుకుంది చూడండి. నేను ఈవిణ్ణి కొట్టంలోకి రావద్దన్నాను."

చివరికి హెరాల్డే అడిగాడు, ఈసారి ఎగతాళి లేకుండా.

"మరి ఆవిడ అప్పుడేం చేసింది వర్జిల్?"

"ఏమీ చెయ్యలేదు," అన్నాడు వర్జిల్. "గంట మోగాక చెయ్యి తియ్యలేదు, అంతే."

టోపీ పెట్టుకుని లోరీన్ నిలబడ్డ చోటికి వచ్చాడు. ఆమె కప్పులోకి చూస్తోంది. అతను నేలవైపు చూస్తూ అడిగాడు.

"మంగళవారం పాలు తూచాలి. వస్తావా?"

"ఐదింటికి వస్తాను," అంది లోరీన్. "ఆవుల్ని ముందే కట్టేసి ఉంచు."